వారసత్వ ధర్మంలో వింతగా తోచే తీర్పులు



నమాజు, రోజా, జకాత్, హజ్‌ల గురించి మన ఇళ్ళలో ఎంతో కొంత ప్రస్తావన జరుగుతూనే ఉంటుంది. కాని వారసత్వ ఆదేశాల ఆలోచన మాత్రం ఇంట్లో నుండి జనాజా లేచిన తర్వాతే మొదలవుతుంది. అప్పుడు కాగితం మీద వారసుల పేర్లు రాసుకొని ఉలమాల వద్దకు వస్తారు. జవాబు విన్న తర్వాత కొందరు, "మౌల్వీ సాబ్, ఇదెక్కడి లెక్క? సొంత అన్నకు ఏమీ రాదా? ఎనిమిదో వంతు అని ఖుర్‌ఆన్‌లో ఉంటే మీరు తొమ్మిదో వంతు అంటున్నారేమిటి?" అని ఆశ్చర్యపోతారు.

ఈ ఆశ్చర్యంలో తప్పు లేదు. వారసత్వ శాస్త్రంలో నిజంగానే వింతగా తోచే కొన్ని సందర్భాలు ఉన్నాయి. సహాబాల కాలంలోనే అవి చర్చకు వచ్చాయి. అయితే కారణం తెలియకపోతే ఈ ఆశ్చర్యమే అనుమానంగా మారుతుంది. అనుమానం ముదిరితే మనిషి అల్లాహ్ ఆదేశాన్ని పక్కన పెట్టి తనకు నచ్చిన పంపకం చేసుకుంటాడు. అందుకే అలాంటి కొన్ని సందర్భాలను ఇక్కడ వివరంగా చూద్దాం.

ముందుగా తెలుసుకోవలసిన వరుస

మరణించిన వ్యక్తి వదిలి వెళ్ళిన సొత్తును తర్కా అంటారు. అందులో నుండి మొదట కఫన్, దఫన్ ఖర్చులు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు చెల్లించకుండా మిగిలిపోయిన మహర్ కూడా అప్పే. చాలా ఇళ్ళలో ఈ విషయం మరచిపోయి, వితంతువుకు ఎనిమిదో వంతు ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటారు. అది పొరపాటు. మహర్ వేరు, వారసత్వపు వాటా వేరు. అప్పుల తర్వాత, మిగిలిన దానిలో మూడో వంతుకు మించకుండా వసియ్యత్ అమలు చేయాలి. ఆ తర్వాతే వారసుల వంతు వస్తుంది.

వారసులలో ముఖ్యంగా రెండు తరగతులు ఉన్నాయి. వాటాలు నిర్ణయమై ఉన్నవారు మొదటి తరగతి. వీరిని జవిల్ ఫురూజ్ అంటారు. భర్త, భార్య, తల్లి, కూతుళ్ళు మొదలైనవారు ఇందులోకి వస్తారు. వీరికి ఇవ్వగా మిగిలినది తీసుకునేవారు రెండో తరగతి. వీరిని అసబా అంటారు. కొడుకు, సొంత సోదరుడు, పినతండ్రి వంటివారు అసబా. నిర్ణీత వాటాలు హక్కుదారులకు ఇచ్చిన పిమ్మట మిగిలినది అత్యంత దగ్గరి మగ బంధువుకు చెందుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహుద్ యుద్ధంలో షహీద్ అయ్యారు. ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసేసుకున్నాడు. సఅద్ (రజి) భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి మొర పెట్టుకుంది. అప్పుడు వారసత్వ ఆయతు అవతరించింది. ఆడపిల్లలిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వమని, మిగిలినది తీసుకోమని ప్రవక్త (స) ఆ బాబాయికి ఆజ్ఞాపించారు. అంటే 24 భాగాలు చేస్తే పిల్లలకు 16, తల్లికి 3, బాబాయికి 5. నిన్నటి వరకు మొత్తం తనదే అనుకున్నవాడు ఇప్పుడు చివర నిలబడి మిగిలినది తీసుకోవలసి వచ్చింది. నాటి అరబ్బు సమాజానికి ఇదే అన్నిటికంటే పెద్ద వింత.

ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయింది

ఒక వ్యక్తి మరణించాడు. అతనికి భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి, తండ్రి ఉన్నారు. సూరె నిసా 11, 12 ఆయతుల ప్రకారం కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు, భార్యకు ఎనిమిదో వంతు. ఇప్పుడు కూడి చూడండి. ఆస్తిని 24 భాగాలు చేస్తే కూతుళ్ళకు 16, తల్లికి 4, తండ్రికి 4. అక్కడికే 24 అయిపోయాయి. భార్యకు ఇవ్వవలసిన 3 భాగాలు ఎక్కడి నుండి తేవాలి?

హజ్రత్ అలీ (రజి) కూఫా మస్జిద్‌లో మింబర్ మీద ప్రసంగిస్తుండగా ఒకరు లేచి ఇదే ప్రశ్న అడిగారు. ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతుగా మారిందని ఆయన క్షణం ఆలస్యం లేకుండా జవాబిచ్చి తన ప్రసంగం కొనసాగించారట. అందుకే ఈ మసాయిల్‌కు మింబరియ్యా అనే పేరు వచ్చింది.

లెక్క ఇది. ఎవరి భాగాల సంఖ్యా తగ్గించలేదు. ఆస్తిని 24కు బదులు 27 భాగాలు చేశారు. 27 లక్షల రూపాయలు ఉన్నాయనుకోండి. కూతుళ్ళిద్దరికీ కలిపి 16 లక్షలు, తల్లికి 4, తండ్రికి 4, భార్యకు 3 లక్షలు. ఇరవై ఏడులో మూడు అంటే తొమ్మిదో వంతే కదా! భార్య ఒక్కర్తే నష్టపోలేదు. కూతుళ్ళకూ తల్లిదండ్రులకూ అదే నిష్పత్తిలో తగ్గింది. ఈ పద్ధతిని ఔల్ అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో సహాబాల సలహాతో ఇది మొదటిసారి అమలైంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనితో ఏకీభవించలేదు గాని, నాలుగు మస్లక్‌ల ఇమాములూ దీన్నే స్వీకరించారు.

దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒకతను 6 రూపాయలు వదిలి చనిపోయాడు. ఒకరికి 3, ఇంకొకరికి 4 రూపాయలు బాకీ ఉన్నాడు. మనమేం చేస్తాం? ఒకరికి పూర్తిగా ఇచ్చి మరొకరిని కొట్టివేయం. ఉన్న ఆరు రూపాయలను ఏడు పాళ్ళు చేసి, ఒకరికి మూడు పాళ్ళు, ఇంకొకరికి నాలుగు పాళ్ళు ఇస్తాం. అందరి హక్కూ నిజమైనదే అయి సొమ్ము చాలనప్పుడు, లోటును అందరూ పంచుకోవడమే న్యాయం. బలహీనురాలైన వితంతువును వరుస చివర నిలబెట్టి "నీ వరకు రాలేదమ్మా" అని పంపివేయడానికి షరీఅత్ ఒప్పుకోదు.

రోడ్డుకు ఇటు ఒక తీర్పు, అటు ఒక తీర్పు

ఇప్పుడు మన చాంద్రాయణగుట్టకు దగ్గరి విషయం చూద్దాం. మన పక్కనే బార్కస్ ఉంది. నిజాం కాలంలో యెమెన్‌లోని హజ్రమౌత్ ప్రాంతం నుండి సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ స్థిరపడింది. సైనికుల బ్యారక్‌ల వల్లనే ఆ పేటకు బార్కస్ అనే పేరు వచ్చింది. హైదరాబాద్ ముస్లింలలో అత్యధికులు హనఫీలు కాగా, హజ్రమీ కుటుంబాలు తరతరాలుగా షాఫయీ మస్లక్‌ను అనుసరిస్తున్నాయి. నమాజులో ఆమీన్ గట్టిగా అనడం, చేతులు ఎత్తడం వంటి తేడాలు మనకు తెలిసినవే. కాని ఆస్తి పంపకంలో కూడా ఒక చోట పెద్ద తేడా వస్తుందని చాలామందికి తెలియదు.

ఒక స్త్రీ మరణించింది. పిల్లలు లేరు, తండ్రి లేడు. భర్త, తల్లి ఉన్నారు. తల్లికి మరో నికాహ్ ద్వారా పుట్టిన ఇద్దరు పిల్లలు, అంటే తల్లి ఒక్కతే అయి తండ్రి వేరైన తోబుట్టువులు ఉన్నారు. వీరిని అఖ్యాఫీ అంటారు. ఇవి కాక ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన సొంత అన్నదమ్ములు ఇద్దరు ఉన్నారు. ఆస్తి 12 లక్షలు అనుకుందాం. భర్తకు సగం, అంటే 6 లక్షలు. తల్లికి ఆరో వంతు, 2 లక్షలు. అఖ్యాఫీ తోబుట్టువులకు మూడో వంతు, 4 లక్షలు. మొత్తం 12 లక్షలు పూర్తయ్యాయి. సొంత అన్నదమ్ములు అసబా కాబట్టి మిగిలినది వారికి చెందాలి. మిగిలింది సున్నా!

హజ్రత్ ఉమర్ (రజి) ముందుకు ఈ సమస్య మొదట వచ్చినప్పుడు ఆయన ఇలాగే తీర్పు చెప్పారు. తర్వాతి ఏడాది ఇలాంటిదే మరో వివాదం వచ్చింది. ఈసారి సొంత సోదరులు ఒక వాదన చేశారు. మా తండ్రిని ఒక గాడిద అనుకోండి, లేదా సముద్రంలో పడేసిన రాయి అనుకోండి, అయినా మా అందరి తల్లి ఒక్కతే కదా అని వారన్నారు. తండ్రి బంధం అదనంగా ఉన్నందువల్ల తల్లి బంధం పోతుందా అనేది వారి ప్రశ్న. హజ్రత్ ఉమర్ (రజి) ఆ మాటలోని బలాన్ని గుర్తించి, ఆ మూడో వంతులోనే వారినీ భాగస్వాములుగా చేశారు. మరి కిందటేటి తీర్పు సంగతి ఏమిటని అడిగితే, అది అప్పటి మా నిర్ణయం ప్రకారం, ఇది ఇప్పటి మా నిర్ణయం ప్రకారం అన్నారు. మొదటి తీర్పును రద్దు చేయలేదు. ఒక ఇజ్తిహాద్ మరో ఇజ్తిహాద్‌ను కొట్టివేయదన్న సూత్రానికి ఫుఖహా ఈ సంఘటననే ఆధారంగా చూపుతారు.

ఇమామ్ మాలిక్ (రహ్మ), ఇమామ్ షాఫయీ (రహ్మ) ఈ రెండో తీర్పును స్వీకరించారు. వారి ప్రకారం పై ఉదాహరణలోని 4 లక్షలను నలుగురు తోబుట్టువులూ సమానంగా, తలా ఒక లక్ష చొప్పున పంచుకుంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఇమామ్ అహ్మద్ (రహ్మ) మొదటి తీర్పును స్వీకరించారు. హజ్రత్ అలీ (రజి) అభిప్రాయం కూడా అదే. వారి ప్రకారం సొంత సోదరులకు ఏమీ రాదు.

హనఫీ వాదన కఠినంగా కనిపించవచ్చు. కాని ఆలోచించండి. అదే స్త్రీకి భర్త లేకపోతే? తల్లికి 2 లక్షలు, అఖ్యాఫీలకు 4 లక్షలు పోగా మిగిలిన 6 లక్షలూ సొంత సోదరులవే. అసబాగా ఉన్నవాడు మిగిలినది ఎక్కువైనప్పుడు లాభం పొందుతాడు, మిగలనప్పుడు నష్టం భరిస్తాడు. లాభం వచ్చినప్పుడు అసబా, నష్టం వచ్చినప్పుడు వాటాదారు అంటే కుదరదు కదా అని హనఫీ ఉలమాలు అంటారు.

ఇంకో విశేషం. ఇదే కుటుంబంలో సొంత అన్నదమ్ములకు బదులు ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళు మాత్రమే ఉంటే వారు వాటాదారులు. వారి వాటా మూడింట రెండు వంతులు. అప్పుడు ఔల్ వల్ల ఆరు భాగాలు పది అవుతాయి. భర్తకు 3, తల్లికి 1, అఖ్యాఫీలకు 2, అక్కచెల్లెళ్ళకు 4. అంటే 12 లక్షలలో ఆ అక్కచెల్లెళ్ళకు 4 లక్షల 80 వేలు వస్తాయి. అన్నదమ్ములకు హనఫీ మస్లక్‌లో సున్నా వచ్చిన చోట అక్కచెల్లెళ్ళకు అందరికంటే పెద్ద భాగం! ఇస్లాంలో స్త్రీకి ఎప్పుడూ తక్కువే అనే వారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

మరి ఏ తీర్పును అమలు చేయాలి? మన దేశంలోని న్యాయస్థానాలు మరణించిన వ్యక్తి ఏ మస్లక్‌కు చెందితే ఆ మస్లక్ ప్రకారమే వారసత్వాన్ని నిర్ణయిస్తాయి. వారసుల మస్లక్‌ను చూడవు. అంతేకాక, సున్నీ ముస్లిం అంటే హనఫీ అనే మొదట భావిస్తాయి. కాదు, షాఫయీ అని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. కాబట్టి షాఫయీ కుటుంబాల పెద్దలు తమ వసియ్యత్ పత్రంలో ఈ విషయం ఒక్క వాక్యంలో రాసి ఉంచడం మంచిది. మరో పక్క, జీవితమంతా హనఫీగా గడిపిన కుటుంబం పంపకం రోజున మాత్రం "షాఫయీ ఫత్వా తెచ్చుకుందాం, మనకు లాభం" అనుకోవడం దీన్‌తో ఆటలాడుకోవడమే. ఇమాముల భేదాభిప్రాయం ఉమ్మత్‌కు రహ్మత్. అది బేరానికి పెట్టే సరుకు కాదు.

ఒకే మనిషికి మూడు గడియారాలు

పాతబస్తీలో బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు లేని గల్లీ ఉండదు. వెళ్ళినవారిలో ఎవరైనా జాడ లేకుండా పోతే ఇక్కడ భార్యాపిల్లల పరిస్థితి ఏమిటి? ఫిఖహ్‌లో అలాంటి వ్యక్తిని మఫ్ఖూద్ అంటారు.

హనఫీ సూత్రం ప్రకారం మఫ్ఖూద్ తన ఆస్తి విషయంలో సజీవుడు, ఇతరుల ఆస్తి విషయంలో మృతుడు. అంటే అతని ఆస్తిని ఎవరూ పంచుకోరాదు. ఈలోగా అతని తండ్రి చనిపోతే అతని వాటాను విడిగా ఆపి ఉంచాలి. అతడు తిరిగి వస్తే తీసుకుంటాడు, రాకపోతే అది మిగతా వారసులకు వెళ్తుంది. ఎంతకాలం ఆగాలి? అతని ఈడువారంతా గతించే వరకు అన్నారు. పుట్టినప్పటి నుండి 90 ఏళ్ళు అని ఫత్వా ఇచ్చారు. ఇది మొదటి గడియారం.

న్యాయస్థానం గడియారం వేరు. ఒక మనిషి బతికి ఉంటే అతని కబురు తెలియవలసినవారికి ఏడేళ్ళపాటు ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేయాలని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఈ నియమాన్ని కొనసాగించింది. ముస్లింల విషయంలో కూడా 90 ఏళ్ళ లెక్క కాక ఈ నియమమే వర్తిస్తుందని అలహాబాద్ హైకోర్టు 1884లోనే తీర్పు చెప్పింది. అయితే ఏడేళ్ళతో మరణం మాత్రమే భావింపబడుతుంది. ఏ రోజు మరణించాడన్నది విడిగా రుజువు కావాలి.

ఇక మూడోది భార్య గడియారం. యౌవనంలో ఉన్న స్త్రీని భర్తకు 90 ఏళ్ళు నిండే వరకు ఆగమంటే ఆమె గతి ఏం కావాలి? ఇమామ్ మాలిక్ (రహ్మ) ఇక్కడ నాలుగేళ్ళ గడువు చెప్పారు. 1930 దశకంలో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (రహ్మ) మదీనాలోని మాలికీ ఉలమాల ఫత్వాలు తెప్పించి, అల్ హీలతున్నాజిజా అనే గ్రంథంలో హనఫీ స్త్రీలు కూడా అవసరం కొద్దీ ఈ అభిప్రాయంపై నడవవచ్చని నిరూపించారు. ఈ కృషే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టానికి బాట వేసింది. ఆ చట్టంలోని 2వ సెక్షన్ ప్రకారం భర్త జాడ నాలుగేళ్ళుగా తెలియకపోతే భార్య వివాహ రద్దు కోరవచ్చు. రెండేళ్ళు పోషణ ఇవ్వకపోవడం అందులోనే మరో కారణం. జాడ తెలియలేదన్న కారణంపై ఇచ్చిన డిక్రీ ఆరు నెలల వరకు అమలులోకి రాదు. ఆలోగా భర్త వచ్చి కాపురం చేయడానికి సిద్ధమని న్యాయస్థానాన్ని ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. ఈ దావాలో భర్త బాబాయినీ, సోదరుణ్ణీ వారు వారసులు కాకపోయినా చేర్చాలి.

నాలుగు, ఏడు, తొంభై. ఒకే మనిషి భార్య విషయంలో ఒక రకంగా, ఆస్తి విషయంలో మరో రకంగా! వినడానికి వింతే. కాని ఆస్తి ఆగితే ఎవరి ప్రాణమూ పోదు. స్త్రీ జీవితం ఆగితే మాత్రం ఆ నష్టం తిరిగి రాదు. అందుకే ఉలమాలు ఆస్తి విషయంలో జాగ్రత్తనూ, స్త్రీ విషయంలో సౌలభ్యాన్నీ ఎంచుకున్నారు.

ఒక హెచ్చరిక. మాలికీ ఫత్వాలో నాలుగేళ్ళ గడువు ఖాజీ విచారణ తర్వాత మొదలవుతుంది. తర్వాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ కూడా ఉంటుంది. చట్టంలో మాత్రం దావా వేసే నాటికి నాలుగేళ్ళు గడిచి ఉండాలి. కనుక కోర్టు డిక్రీ తీసుకున్న సోదరి మరో నికాహ్‌కు ముందు నమ్మకమైన దారుల్ ఖజా లేదా దారుల్ ఇఫ్తాను తప్పక సంప్రదించాలి. అలాగే ఫత్వా మాత్రమే చేతిలో ఉన్న సోదరి కోర్టు డిక్రీ కూడా తీసుకోవాలి. లేకపోతే రేపు పిల్లల కాగితాల దగ్గర ఇబ్బంది వస్తుంది.

దేశ చట్టంలో మరో మూల

మదర్సాలలో వారసత్వానికి చదివించే సిరాజీ గ్రంథాన్ని సర్ విలియం జోన్స్ 1792లో ఆంగ్లంలోకి అనువదించాడు. ఆంగ్లేయుల న్యాయస్థానాలు ఆ పుస్తకం ముందు పెట్టుకొని ముస్లింల ఆస్తులు పంచాయి. తర్వాత 1937లో షరీఅత్ చట్టం వచ్చింది. ఆచారాల పేరుతో ఆడపిల్లలకు వాటా ఎగ్గొట్టే పద్ధతిని అది రద్దు చేసింది. కాని అందులోని 2వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆనాడు ఆ భూములు రాష్ట్రాల అధికారంలో ఉండడమే దీనికి కారణం. అప్పట్లో ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. సొంత ఊళ్ళో పొలం ఉన్నవారు న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. అయితే ఒక్క మాట. చట్టం మినహాయించినంత మాత్రాన అల్లాహ్ మినహాయించలేదు. ఇంట్లో వాటా ఉన్న అక్కకు పొలంలోనూ వాటా ఉంది.

మనం చేయవలసినది

మొదటిది, ఫత్వా అడిగేటప్పుడు వారసులందరి పేర్లూ దాచకుండా చెప్పాలి. తల్లి మొదటి నికాహ్ పిల్లలను, ముందుగా చనిపోయిన వారిని, జాడ తెలియని వారిని కూడా చెప్పాలి. ఒక్క పేరు మారితే మొత్తం లెక్క మారిపోతుందని పై ఉదాహరణలు చూపాయి.

రెండవది, కొడుకు తండ్రి కంటే ముందు చనిపోతే, మరో కొడుకు బతికి ఉన్నందువల్ల ఆ యతీమ్ మనవలకు తాత ఆస్తిలో వారసత్వం రాదు. ఇది చూసి షరీఅత్‌ను నిందించేవారు ఉన్నారు. కాని తాత చేతిలో మూడో వంతు వరకు వసియ్యత్ చేసే అధికారాన్ని అదే షరీఅత్ ఉంచింది. బతికుండగా హిబా చేసి స్వాధీనపరచే అవకాశమూ ఉంది. అది వాడుకోకుండా పోయిన తాతను అడగాలి గాని, తలుపు తెరిచి ఉంచిన ధర్మాన్ని కాదు.

మూడవది, అక్కచెల్లెళ్ళను మొహమాటపెట్టి "నాకేమీ వద్దు" అనిపించుకోకూడదు. ముందు వాటా వారి చేతికి ఇవ్వండి. తర్వాత వారు మనసారా ఇస్తే అది వారి ఇష్టం.

నాలుగవది, న్యాయస్థానంలో గెలిచినంత మాత్రాన ఇతరుల హక్కు మనకు హలాల్ కాదు. నేనూ మనిషినే, వాదించడంలో నేర్పరి అయినవాడి మాట విని అతని సోదరుని హక్కు అతనికి ఇప్పిస్తే, అది నిప్పు ముక్కే అని స్వయంగా దైవప్రవక్త (స) హెచ్చరించారు. ప్రవక్త (స) తీర్పుతో కూడా హలాల్ కానిది మరే తీర్పుతో అవుతుంది?

వారసత్వ ఆయతు మధ్యలోనే అల్లాహ్ మన తల్లిదండ్రులలో, సంతానంలో మనకు ఎవరు ఎక్కువ ప్రయోజనకరులో మనకు తెలియదని గుర్తు చేశాడు. పైన చూసిన వింతలన్నిటికీ అసలు జవాబు అదే. మన లెక్క ఈ రోజు బంధాన్నీ, ప్రేమనూ, అలకనూ చూస్తుంది. ఆయన లెక్క అందరినీ చూస్తుంది. అందుకే ఆ వెంటనే ఇవి అల్లాహ్ నిర్ణయించిన హద్దులని చెప్పి, వాటిని పాటించేవారికి స్వర్గాన్నీ, దాటేవారికి అవమానకరమైన శిక్షనూ ప్రకటించాడు.

మన ఇళ్ళలో ఏ హక్కుదారు కన్నీరూ మిగలకుండా పంపకాలు చేసుకునే భాగ్యాన్ని, ఈ విద్యను నేర్చుకొని మన పిల్లలకు నేర్పే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.